గిరజాల కోళ్ల జోడీ... పిల్లలకు చేటు

సాక్చి (జంషెడ్‌పూర్): ఈకలు ఒంటిని అంటిపెట్టుకుని ఉండక, ఎదురుగాలికి లేచి నిలిచినట్లు వెనక్కి ముడుచుకుని ఉండే గిరజాల కోళ్లంటే పెంపకందారులకు ఎప్పుడూ మోజే. చూడముచ్చటైన కోడికి నాలుగు రూపాయలు ఎక్కువ పలుకుతాయన్న ఆశ కూడా అందుకు తోడవుతుంది. పుంజు, పెట్ట రెండూ గిరజాలవే అయితే పొదిగిన ప్రతి గుడ్డు నుంచీ గిరజాల పిల్లే వస్తుందని అనుకోవడం సహజం. కానీ ఆ లెక్క తప్పు. అటువంటి జోడీకి పుట్టే పిల్లల్లో దాదాపు నాలుగో వంతు సరైన ఈకలు లేకుండా, చలికి తాళలేక, పెరిగినా రోగిష్ఠిగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

నేడు జంషెడ్‌పూర్‌లో ప్రధాన వ్యాపార కేంద్రాలలో ఒకటైన సాక్చి ఒకప్పుడు చిన్న గ్రామం. టాటా ఉక్కు కర్మాగార నిర్మాణం 1908లో ఇక్కడ ఆరంభమైంది. జంషెడ్‌జీ టాటా స్మారకంగా 1919లో ఈ ప్రాంతానికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. నగరం చుట్టూ ఉన్న సింగ్భూమ్ పల్లెల్లో సంతాల్, హో తదితర గిరిజన కుటుంబాలకు పెరటి కోడి చేతిలో ఉన్న చిల్లర వంటిది. పండుగ వచ్చినా, చుట్టం వచ్చినా, అత్యవసరంగా డబ్బు కావలసి వచ్చినా ఆదుకునేది అదే. రాంచీ సమీపంలోని కాంకేలో ఉన్న బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయం పెరటి పెంపకానికి రూపొందించిన కోడికి 'ఝార్‌సిమ్' అని పేరు పెట్టింది. 'ఝార్' అన్నది ఝార్ఖండ్‌ను సూచిస్తుంది. 'సిమ్' అంటే గిరిజన భాషలో కోడి. అయిదారు కోళ్లతో గడిచే ఇంట ఒక విడత పిల్లల్లో నాలుగో వంతు దుర్బలమైతే అది చిన్న నష్టం కాదు.

ఈకలో ఏముంది?

గిరజాల కోడి మనకు కొత్తది కాదు. ఇటువంటి కోళ్లు భారతదేశంలో అరుదేమీ కాదని చార్లెస్ డార్విన్ 1868లో వెలువరించిన గ్రంథంలోనే ప్రస్తావించారు. ఈ లక్షణం సంక్రమించే తీరును వాల్టర్ లాండవర్, ఎల్.సి. డన్ అనే శాస్త్రజ్ఞులు 1930లో సవివరంగా ప్రకటించారు. దీనికి మూలం ఒకే ఒక జన్యువులోని మార్పు. ఈకకు గట్టిదనాన్ని సమకూర్చే కెరాటిన్ అనే మాంసకృత్తుల కుటుంబానికి చెందిన జన్యువులో కొంత భాగం లోపించడమే ఆ మార్పు అని 2012లో అమెరికా, తైవాన్ శాస్త్రజ్ఞుల పరిశోధనలో తేలింది. దాని ఫలితంగా ఈక నడుమ ఉండే కాడ నిటారుగా పెరగక బయటికి వంగుతుంది.

ప్రతి కోడిపిల్లకూ ఈ జన్యువు తండ్రి నుంచి ఒక పాలు, తల్లి నుంచి ఒక పాలు వస్తుంది. మార్పు చెందిన పాలు ఒక్కటే వస్తే ఈకలు అందంగా ముడుచుకుంటాయి. మనం చూసి ముచ్చటపడే కోడి సాధారణంగా ఇదే. రెండు పాళ్లూ మార్పు చెందినవే అయితే ఈకలు మరీ చుట్టుకుపోయి, పెళుసుబారి, కొద్దిపాటి రాపిడికే విరిగి రాలిపోతాయి. ఒంటిపై అక్కడక్కడ చర్మం బయటపడుతుంది. జన్యుశాస్త్ర పాఠ్యగ్రంథాలు దీనినే అసంపూర్ణ బహిర్గతత్వానికి ఉదాహరణగా చూపుతాయి.

నూరు పిల్లల లెక్క

ఒక్కొక్క పాలు గల రెండు గిరజాల కోళ్లను జతకడితే, నూరు పిల్లల్లో సగటున 50 అందమైన గిరజాలతోనూ, 25 మామూలు ఈకలతోనూ, 25 రెండు పాళ్లు గల దుర్బలమైన పిల్లలుగానూ వస్తాయి. అదే గిరజాల కోడిని మామూలు ఈకల కోడితో జతకడితే 50 గిరజాలవి, 50 మామూలువి వస్తాయి. రెండు జోడీల్లోనూ అందమైన గిరజాల పిల్లలు యాభయ్యే. అంటే గిరజాల కోళ్ల జోడీ వల్ల పెంపకందారుకు అదనంగా దక్కేది ఆ 25 దుర్బలమైన పిల్లలే. ఇవి సగటు లెక్కలు. పదీ పన్నెండు పిల్లలున్న ఒక విడతలో హెచ్చుతగ్గులు ఉండవచ్చు.

రెండు పాళ్ల కోడిని మామూలు కోడితో జతకడితే పిల్లలన్నీ ఒక్క పాలు గిరజాలవే అవుతాయన్నదీ నిజమే. కానీ ఆ తల్లినో తండ్రినో ప్రాణంతో, ఆరోగ్యంతో నిలుపుకోవడమే కష్టం. వసతులు గల పరిశోధన కేంద్రాలకు అది సాధ్యం కావచ్చు గాని, పెరట్లో పెంచుకునేవారికి గిట్టుబాటు కాదు.

చలిలో ఆరని ఆకలి

కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీల సెల్సియస్. ఆ వెచ్చదనాన్ని కాపాడే దుప్పటి ఈకలే. దుప్పటి చిరిగితే వేడి నిరంతరం బయటికి పోతూనే ఉంటుంది. తిన్న మేతలో అధిక భాగం మాంసంగా, గుడ్డుగా మారక ఒంటిని వెచ్చబరచడానికే ఖర్చవుతుంది. లాండవర్, ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ తదితరులు 1930ల తొలినాళ్లలో అమెరికాలో జరిపిన పరీక్షల్లో, తీవ్రమైన గిరజాలు గల కోళ్లలో శరీరక్రియల వేగం ఎంతో హెచ్చినట్లు వెల్లడైంది. అటువంటి కోళ్లలో గుండె పరిమాణం పెరగడం, థైరాయిడ్, అడ్రినల్ గ్రంథుల్లో మార్పులు రావడం, ఆలస్యంగా కూతకు రావడం, గుడ్లు తగ్గడం కూడా నమోదయ్యాయి. లోపం మొదలైనది ఈకలోనే అయినా, దాని భారం శరీరమంతా మోస్తుందన్నమాట.

సాక్చి పరిసరాల్లో వర్షాకాలంలో ఈదురుగాలితో కూడిన వానలు, జనవరిలో చలి ఇటువంటి పిల్లలకు గండమే. పైగా ఇవి సరిగా ఎగరలేవు కనుక పిల్లికి, కుక్కకు సులువుగా చిక్కుతాయి.

ఎండలో ఉపకారి

ఇంతమాత్రాన ఈ జన్యువును చెడ్డదిగా కొట్టివేయనక్కర లేదు. ఒక్క పాలు మాత్రమే ఉన్న కోడికి ఇది వేసవిలో మేలు చేస్తుంది. ముడుచుకున్న ఈకల సందుల నుంచి ఒంటి వేడి సులువుగా బయటికి పోతుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే జంషెడ్‌పూర్‌కైనా, మన తెలుగునాటికైనా ఇది పనికివచ్చే గుణమే. దీనిని గుర్తించే ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌లో గల కేంద్ర పక్షి పరిశోధన సంస్థ దేశవాళీ గిరజాల కోళ్లను మెరుగైన కోళ్లతో సంకరపరచి పెరటి పెంపకానికి ఒక రకాన్ని రూపొందించింది. దాని పేరు 'ఉప్‌కారి'. మెడపై ఈకలు లేని దేశవాళీ కోడి నుంచి 'హిత్‌కారి' అనే మరో రకాన్నీ ఆ సంస్థ తయారుచేసింది. గిరజాల కోడిని మామూలు ఈకల జాతితో కలిపినప్పుడు పిల్లకు ఒక్క పాలుకు మించి సంక్రమించదు. పెరటి పెంపకందారు గ్రహించవలసిన కిటుకు ఇదే.

పాటించవలసిన జాగ్రత్తలు

గిరజాల పుంజును ఉంచుకునేవారు దానితో మామూలు ఈకల పెట్టలనే వదలాలి. గిరజాల పెట్టలు ఉంటే వాటికి మామూలు ఈకల పుంజును వేరుగా ఏర్పాటు చేయాలి. గిరజాలను అణచిపెట్టే మరో జన్యువు కూడా ఉన్నందున, గిరజాల వంశంలో పుట్టి పైకి మామూలుగా కనిపించే కోడి సైతం అరుదుగా ఈ లక్షణాన్ని మోస్తూ ఉండవచ్చు. కనుక జతకు వేరే వంశం నుంచి కోడిని తెచ్చుకోవడం మంచిది. దగ్గరి రక్తసంబంధం వల్ల కలిగే నష్టాలూ దీనితో తప్పుతాయి.

పొదిగిన రోజున పిల్లలన్నీ ఒకేలా నూగుతో ఉంటాయి. రెక్కల ఈకలు మొలిచాక గాని గిరజాలు బయటపడవు. అందువల్ల రోజు పిల్లలను గిరజాలవని చెప్పి అమ్మజూపితే కొనేవారు తల్లిదండ్రులు ఎటువంటివో అడిగి తెలుసుకోవాలి. మొదటి వారంలో పిల్లలకు సుమారు 35 డిగ్రీల వెచ్చదనం కల్పించి, ఆపై వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. ఈకలు సరిగా రాని పిల్లలకు మాత్రం మరికొన్ని వారాలు వెచ్చని, తడి లేని చోటు, అదనపు మేత తప్పవు. రాణీఖేత్ తెగులుకు టీకాలు అన్ని పిల్లలకూ వేయించవలసిందే.

పిల్లలు ఏటేటా ఎందుకు చనిపోతున్నాయో తెలియక తెగులునో, దిష్టినో నిందించే పెంపకందారు ముందుగా చూడవలసింది గూటిలోని జోడీని. గిరజాల పుంజు పక్కన మామూలు పెట్టను ఉంచడానికి పైసా ఖర్చు లేదు. ఆ ఒక్క మార్పుతోనే నాలుగో వంతు పిల్లలకు ఈ గండం తప్పుతుంది.