కొండ సైకిలు కొంటున్నారా? కాస్త ఆగి ఇది చదవండి

సైకిలంటే మన ఊళ్లలో ఎవరికీ కొత్త కాదు. పాల క్యానులు మోసింది సైకిలే. గడ్డి మోపులు, కల్లు కుండలు, సంతకు వెళ్లే బట్టల మూటలు మోసిందీ సైకిలే. టైర్లలో గాలి చూసుకుని, ఛైనుకు నాలుగు నూనె చుక్కలు వేసి, ఏడాదికోసారి ఓవరాయిలింగు చేయిస్తే తాత తొక్కిన బండిని మనవడు కూడా తొక్కాడు.

ఇప్పుడు మనవడు ఆ బండి ఎక్కనంటున్నాడు. ముందు చక్రానికీ, వెనుక చక్రానికీ షాకబ్జర్లు ఉన్న సైకిలు కావాలని పట్టుపడుతున్నాడు. ఫోనులో కుర్రాళ్లు కొండ కొమ్ముల మీద నుంచి సైకిళ్లతో దూకడం చూశాడు. పట్నంలో దుకాణం ముందు అలాంటిదే ఒకటి తళతళలాడుతూ నిలబడి ఉండడమూ చూశాడు. డబ్బు తీసే ముందు తండ్రి తెలుసుకోవలసిన మాట ఒకటుంది. ఫోనులో దూకే బండి వేరు, దుకాణం ముందు నిలబడ్డ బండి వేరు. రెండింటికీ స్ప్రింగులుంటాయి. పోలిక అక్కడితో సరి.

పాత సామాన్లలో పుట్టింది

కొండ సైకిలుకు పుట్టినిల్లు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం. శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన మారిన్ కౌంటీ ఉంది. అక్కడి కొండల్లో అడవి మంటలు ఆర్పే బండ్లు వెళ్లడానికి వేసిన మట్టి బాటలున్నాయి. 1970లలో అక్కడి కుర్రాళ్లు కొందరు 30, 40 ఏళ్ల కిందటి ష్విన్ కంపెనీ సైకిళ్లను చౌకగా కొనేవారు. మడ్‌గార్డులు, అలంకారాలు పీకేసేవారు. వాటి లావు టైర్లను నమ్ముకుని కొండ మీద నుంచి కిందికి వదిలేవారు.

1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరి దగ్గర తొలి పందెం జరిగింది. దారి పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే బాట దాదాపు 400 మీటర్లు కిందికి దిగిపోతుంది. ఆ సైకిళ్లకు పెడలు వెనక్కు తొక్కితే పడే బ్రేకు వెనుక చక్రం బొడ్డులో ఉండేది. కొండ దిగేసరికి అది కాలిపోయి, లోపలి గ్రీజు పొగలై పోయేది. ప్రతిసారీ విప్పి మళ్లీ గ్రీజు దట్టించాల్సి వచ్చేది. ఈ దట్టింపునే ఇంగ్లీషులో 'రీప్యాక్' అంటారు. ఆ బాటకు అదే పేరు నిలిచిపోయింది. అక్కడ గ్యారీ ఫిషర్ అనే యువకుడు 4 నిమిషాల 22 సెకన్లలో కొండ దిగి రికార్డు పెట్టాడు.

పాత బండ్లకు ఒక్కొక్క మార్పే చేసుకుంటూ పోయారు. మోటారు సైకిలు బ్రేకు పిడులు బిగించారు. ఎక్కడానికి గేర్లు పెట్టారు. పాత ఫ్రేములు విరుగుతుంటే 1977లో జో బ్రీజ్ కొండ కోసమే కొత్త ఫ్రేము తయారు చేశాడు. 1979లో ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ చేసిన ఫ్రేములతో వ్యాపారం మొదలుపెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ 'స్టంప్‌జంపర్' పేరుతో ఇలాంటి సైకిళ్లను పెద్ద ఎత్తున మార్కెట్లోకి తెచ్చింది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇంతవరకు చెప్పిన ఏ సైకిలుకూ స్ప్రింగు లేదు. లావు టైర్లతోనే కొండలు దిగారు.

స్ప్రింగు తరువాత వచ్చింది. మోటారు సైకిలు పందాల నుంచి వచ్చిన పాల్ టర్నర్ 1989లో రాక్‌షాక్స్ కంపెనీ పెట్టి, సైకిలుకు షాకబ్జరు ఫోర్కు తయారు చేశాడు. 1990లో కొలరాడో రాష్ట్రంలోని డురాంగోలో ప్రపంచ పోటీలు జరిగితే, కొండ దిగే పందెంలో గ్రెగ్ హెర్బోల్డ్ ఆ ఫోర్కుతోనే గెలిచాడు. ఆ తరువాత వెనుక చక్రానికి కూడా షాకబ్జరు వాడకంలోకి వచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో కొండ సైకిలు పందేనికి చోటు దొరికింది.

షాకబ్జరు చేసే పని

ఎద్దుబండికి స్ప్రింగు లేదు. గతుకు వస్తే బండీ ఎగురుతుంది, మనిషీ ఎగురుతాడు. లారీకి కమాను కట్టలుంటాయి. చక్రం ఎగిరినా పైనున్న బరువు అంతగా ఎగరదు. కొండ సైకిల్లోనూ అదే కిటుకు. ఇది నడుముకు సుఖం కోసమే అనుకుంటే పొరపాటు. రాళ్ల మీద టైరు నేలను వదలకుండా పట్టుకుని ఉండాలి. గాలిలో ఉన్న చక్రానికి ఎంత బ్రేకు వేసినా లాభం లేదు.

అణిగిన స్ప్రింగు ఒక్కసారిగా పైకి లేస్తే మనిషిని విసిరేస్తుంది. అందుకని మంచి షాకబ్జరు లోపల నూనె ఉంటుంది. ఆ నూనె సన్నని రంధ్రాల గుండా పోతూ స్ప్రింగు వేగాన్ని అదుపు చేస్తుంది. ఖరీదైన వాటిలో చాలావరకు ఇనుప స్ప్రింగు బదులు గాలినే స్ప్రింగుగా వాడతారు.

రెండు చక్రాలకూ షాకబ్జర్లున్న సైకిలు ఫ్రేము ఒకే ముక్కగా ఉండదు. వెనుక భాగం కీళ్ల మీద కదులుతుంది. ఆ కీళ్లలో బేరింగులుంటాయి. పెడలు తొక్కిన ప్రతిసారీ సైకిలు ఊగకుండా కీళ్లు ఎక్కడ పెట్టాలన్నదే ఇందులో అసలు విద్య.

ఇలాంటి వాటిలో ఎక్కడానికీ దిగడానికీ రెండింటికీ పనికివచ్చే రకాన్ని 'ఆల్ మౌంటెన్' అంటారు. వాటి చక్రం 140 నుంచి 160 మిల్లీమీటర్ల దాకా అణుగుతుంది. బరువు 13 నుంచి 16 కిలోల మధ్య. ధర మాత్రం లక్షల్లో ఉంటుంది. మంచి మోటారు సైకిలు కొనే డబ్బు దానికి చాలకపోవచ్చు.

మనిషి బరువుకు తగ్గ గాలి

ఇంత డబ్బు పోసి కొన్నా, దాన్ని తొక్కేవాడి బరువుకు సరిచేయకపోతే అది వట్టి ఊగే కుర్చీ. సరిచేయడానికి డబ్బు అక్కరలేదు, ఓపిక కావాలి.

షాకబ్జరు కడ్డీ మీద ఒక రబ్బరు రింగు ఉంటుంది. రింగును కడ్డీ మీది సీలుకు ఆనేలా జరిపి, ఎప్పుడూ వేసుకునే బట్టలు, సంచి, నీళ్ల సీసాతో సహా సైకిలు ఎక్కి కదలకుండా కూర్చోవాలి. తరువాత మెల్లగా దిగి రింగు ఎంత జరిగిందో కొలవాలి. వెనుక షాకబ్జరుకు మొత్తం కదలికలో 25 నుంచి 30 శాతం జరిగితే సరి. కడ్డీ కదలిక 60 మిల్లీమీటర్లయితే రింగు 15 నుంచి 18 మిల్లీమీటర్లు జరగాలన్నమాట. ముందు ఫోర్కుకు ఇంకాస్త తక్కువ. ఎక్కువ అణిగితే గాలి కొట్టాలి. తక్కువ అణిగితే వదలాలి.

దీనికి మామూలు గాలి పంపు పనికిరాదు. ఎక్కువ ఒత్తిడితో కొంచెం కొంచెంగా గాలి పంపే చిన్న పంపు వేరే ఉంటుంది. బండితోపాటు దాన్నీ కొనుక్కోవాలి.

తరువాత ఎర్ర రంగు చిన్న మర తిప్పి, అణిగిన షాకబ్జరు ఎంత వేగంగా లేవాలో చూసుకోవాలి. మరీ వేగమైతే బండి గెంతుతుంది. మరీ మెల్లనైతే ఒక రాయి దాటి పైకి లేచేలోగానే రెండో రాయి వచ్చి పడుతుంది. ఒకే గతుకు మీద నాలుగైదుసార్లు తొక్కి, ఒక్కో మెట్టే తిప్పి చూస్తే చేతికే తెలుస్తుంది.

మార్పులకు వరుస ఉంది

బండి కొన్న మర్నాడే సామాన్లు మార్చాలని కుర్రకారు ఉబలాటపడతారు. డబ్బు వృథా కాకుండా ఉండాలంటే వరుస పాటించాలి.

మొదటిది టైరు. నేలకు తగిలేది అదొక్కటే. ట్యూబు తీసేసి, లోపల పాలలాంటి ద్రవం పోసే పద్ధతి ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. ముల్లు గుచ్చుకుంటే ఆ ద్రవమే రంధ్రాన్ని పూడుస్తుంది. తుమ్మముళ్ల బాటల్లో దీని విలువ వేరే చెప్పాలా? అయితే ఆ ద్రవం కొన్ని నెలల్లో ఎండిపోతుంది. మళ్లీ పోస్తుండాలి.

రెండోది బ్రేకు. మూడోది హ్యాండిలు. చేతులు చాపితే నొప్పి పుట్టని వెడల్పు ఉండాలి. మరీ వెడల్పయితే ఇరుకు బాటలో చెట్లకు తగులుతుంది. నాలుగోది సీటు కడ్డీ. హ్యాండిలు దగ్గర మీట నొక్కితే కిందికి దిగే సీటు కడ్డీలు దొరుకుతున్నాయి. దిగుడులో సీటు కిందికి పోతే మనిషి బరువు వెనక్కు వేసుకోగలడు, తలకిందులయ్యే ప్రమాదం తగ్గుతుంది. రంగు పెడళ్లు, రంగు బోల్టులు అన్నిటికన్నా చివర.

చేయకూడని పనులు

ఫ్రేముకు రాసిపెట్టిన కొలత కన్నా పొడుగు ఫోర్కు వేయకూడదు. 20 మిల్లీమీటర్లు పెరిగితే ముందు భాగం లేచి హ్యాండిలు కోణం దాదాపు 1 డిగ్రీ మారిపోతుంది. ఫ్రేము మెడ మీద భారం పెరుగుతుంది. కంపెనీ హామీ కూడా పోతుంది.

అల్యూమినియం ఫ్రేము పగిలితే ఊరి వెల్డింగు షాపుకు తీసుకువెళ్లకూడదు. అలాంటి ఫ్రేములను వెల్డింగు తరువాత కొలిమిలో వేడి పట్టించి గట్టిపరుస్తారు. మళ్లీ అతుకు వేస్తే ఆ గట్టిదనం పోతుంది. పైకి అతికినట్టే ఉంటుంది, దిగుడులో విరుగుతుంది.

డిస్కు బ్రేకు పళ్లేనికి నూనె చేయి తగలకూడదు. నూనె తగిలితే బ్రేకు పట్టదు. బ్రేకు గొట్టంలో కొన్నిటికి మినరల్ ఆయిలు, కొన్నిటికి మోటారు బండ్లలో పోసే డాట్ ద్రవం వాడతారు. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే లోపలి రబ్బర్లు పాడవుతాయి.

వాటర్ సర్వీసింగులో పెట్టి జోరు నీళ్లు కొట్టించడం ఇంకో పొరపాటు. ఆ నీరు బేరింగుల్లోకి దూరి తుప్పు పట్టిస్తుంది. బకెట్టు నీళ్లు, గుడ్డ, బ్రష్షు చాలు.

ఈ బండికి ఓవరాయిలింగు ఏడాదికోసారి అంటే కుదరదు. ఫోర్కు అడుగు గొట్టాలను దాదాపు 50 గంటలు తొక్కగానే విప్పి, తుడిచి, నూనె మార్చమని తయారీదారులే చెబుతారు. లోపలి పని చేయడానికి తెలిసిన మేస్త్రీ, ప్రత్యేక పనిముట్లు కావాలి. అవి పెద్ద నగరాల్లోనే దొరుకుతాయి. ఆ ఖర్చు, ఆ రానుపోను తిప్పట కూడా బండి ధరలో కలుపుకోవాలి.

మన బాటకు ఏది మేలు?

ఇక పట్నం దుకాణం ముందున్న చౌక రకం సంగతి. కొన్ని వేల రూపాయలకు దొరికే రెండు షాకబ్జర్ల సైకిళ్లలో సాధారణంగా ఉండేది వట్టి ఇనుప స్ప్రింగు. అదుపు చేసే నూనె ఉండదు. మనిషి బరువుకు తగ్గట్టు సరిచేసుకునే వీలూ అంతంతమాత్రం. ఇనుప ఫ్రేము, అదనపు కీళ్లు, స్ప్రింగులు కలిసి బరువు పెరుగుతుంది. తారు రోడ్డు మీద తొక్కితే కాలి బలంలో కొంత స్ప్రింగును అణచడానికే పోతుంది. కీళ్లు అరిగాక వెనుక చక్రం అటూ ఇటూ ఆడుతుంది. క్యారియరు బిగించే చోటుండదు. రోజూ బడికి ఐదారు కిలోమీటర్లు తొక్కే పిల్లవాడికి ఇది సుఖం కాదు, మోత.

ఆ బండితో ఫోనులో చూసినట్టు గట్టు మీద నుంచి దూకితే ప్రమాదం ఇంకా పెద్దది. దాని ఫోర్కు, రిమ్ములు అలాంటి దెబ్బ కోసం చేసినవి కావు. స్ప్రింగు కనిపిస్తున్నది కదా అని ధైర్యం చేసిన పిల్లవాడి పళ్లు, చేతులు విరిగితే ఆ ఖర్చు ముందు బండి ధర ఏపాటి?

అదే డబ్బుకు స్ప్రింగుల్లేని గట్టి ఫ్రేము, రెండంగుళాల లావు టైర్లు, మంచి బ్రేకులు ఉన్న సైకిలు వస్తుంది. టైర్లలో గాలి కాస్త తగ్గించుకుంటే చాలా గతుకులను టైరే మింగుతుంది. పంక్చరు షాపులో ఎవరైనా బాగుచేయగలరు. వెనుక క్యారియరు మీద పుస్తకాల సంచీ పడుతుంది, పశువుల దాణా బస్తా పడుతుంది. మారిన్ కుర్రాళ్లు రికార్డులు పెట్టింది కూడా ఇంచుమించు ఇలాంటి బండ్ల మీదే కదా!

నిజంగా కొండల మీద సరదా ఉండి, లక్షలు పెట్టగల స్థోమత ఉన్నవారు అసలైన బండే కొనుక్కోవచ్చు. తలకు హెల్మెట్టు, మోకాళ్లకు, మోచేతులకు కాపు తప్పనిసరి. బాట మర్యాద కూడా తెలిసి ఉండాలి. మారిన్ కొండల్లో సైకిళ్ల జోరుకు నడిచేవారు, గుర్రాలెక్కేవారు బెదిరిపోయి గోల పెట్టారు. చివరికి అక్కడ సైకిళ్లకు గంటకు 15 మైళ్లు, మలుపుల్లో 5 మైళ్లు మించరాదని నిబంధన పెట్టారు. చాలా సన్న బాటల్లోకి సైకిళ్లను రానివ్వడం మానేశారు. మన కొండ బాటల్లో కట్టెల మోపుతో దిగే ఆడవాళ్లుంటారు, మేకల మందలుంటాయి. వారికి దారి విడిచి ఆగడం తొక్కేవాడి వంతు.

బేరానికి వెళ్లినప్పుడు చేయవలసిన పరీక్ష ఒక్కటే. సీటు మీద చేయి పెట్టి గట్టిగా నొక్కి వదలండి. మెల్లగా, నిబ్బరంగా లేస్తే లోపల నూనె ఉన్నట్టు. రబ్బరు బంతిలా గెంతితే అది షాకబ్జరు కాదు, అలంకారం. డబ్బు జేబులోనే ఉంచుకుని పక్క బండి చూడండి.