ఇన్వర్టరు బ్యాటరీలు – పంచాయతీ సభ్యుల బాధ్యత

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల పంచాయతీ కార్యాలయములలో కరెంటు పోయినను పని సాగుటకు ఇన్వర్టరు తోడ్పడును. దాని బలము బ్యాటరీలే. బ్యాటరీ 12 వోల్టులదే గదా, షాకు కొట్టదని పలువురు ఉపేక్షింతురు. ఇది పొరపాటు. రెండు టెర్మినళ్లకు అడ్డముగా స్పానరు పడినచో వందలకొలది ఆంపియర్లు ఒక్కుమ్మడి ప్రవహించి, స్పానరు ఎఱ్ఱగా కాలి చేతిని కాల్చును. ఛార్జి అగునపుడు వెలువడు హైడ్రోజను వాయువు నిప్పురవ్వ తగిలిన పేలును. కావున బ్యాటరీలను గాలి ఆడుచోట ఉంచవలెను. దరిదాపుల బీడీ కాల్చరాదు.

రెండు 12 వోల్టుల బ్యాటరీలలో ఒకదాని ప్లస్సును రెండవదాని మైనస్సునకు కలిపి, మిగిలిన రెండు కొనలను ఇన్వర్టరునకు ఇచ్చినచో 24 వోల్టులు వచ్చును. ప్లస్సును ప్లస్సునకు, మైనస్సును మైనస్సునకు కలిపినచో 12 వోల్టులే యుండి నిలువ రెట్టింపగును. ఇన్వర్టరుపై వ్రాసిన వోల్టులను బట్టి పద్ధతి నిర్ణయింపవలెను. క్రొత్త బ్యాటరీకి పాతదానిని జోడింపరాదు.

పనివాడు మెయిను, ఇన్వర్టరు ఆపి, ఉంగరము తీసి, చేతితొడుగులు, కంటద్దములు ధరింపవలెను. ముందు ప్లస్సు, పిదప మైనస్సు బిగింపవలెను. విప్పునపుడు మైనస్సు ముందు. వదులైన బిగింపు వేడెక్కి మండును. ప్లస్సు తీగలో బ్యాటరీ చెంతనే తగిన ఫ్యూజు ఉండవలెను. ఆమ్లము కంట బడినచో వెంటనే మంచినీటితో 20 నిమిషములు కడిగి వైద్యునికడకు కొనిపోవలెను.

మన వేసవి 40 డిగ్రీలు దాటును. నీరు పోయు రకపు బ్యాటరీలలో నీరు త్వరగా తగ్గును. మాసమునకొకమారు చూచి డిస్టిల్డ్ వాటరే పోయవలెను. బోరు నీటి లవణములు లోపలి పలకలను చెఱచును.

సభ్యులారా! బిల్లు మంజూరు చేయుటకు ముందు ఫ్యూజు, గాలి, బిగింపు – ఈ మూడింటిని స్వయముగా చూడుడు. కార్యాలయమునకు వచ్చు గ్రామస్థుల క్షేమము మీ చేతిలో నున్నది.