ప్రకటనలు ఉన్నాయి, కూర్చోండి!

ఆదివారం ఆరాధన ముగిసే ముందు సంఘ కార్యదర్శి కాగితం పట్టుకుని లేచారంటే పిల్లలు గేటు వైపు చూస్తారు, పెద్దలు చెవులు రిక్కిస్తారు. బుధవారం ఫలానా వారింట్లో కుటుంబ ప్రార్థన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, వచ్చే ఆదివారం ప్రభురాత్రి భోజనం, ఆ పై ఆదివారం సర్వసభ్య సమావేశం. ఏ చర్చిలోనైనా దాదాపు ఇదే వరస. బాప్టిస్టు చర్చిలో మాత్రం ఆ కాగితానికి బరువెక్కువ. అక్కడ పైనుంచి ఉత్తర్వు పంపే బిషప్పు ఉండడు. పాస్టరుగారిని పిలవాలన్నా, సాగనంపాలన్నా, ప్రహరీగోడ కట్టాలన్నా సభ్యులు కూర్చుని చేతులెత్తాల్సిందే. ముందుగా ప్రకటించని మీటింగులో చేసిన తీర్మానం చెల్లదని పట్టుబట్టే పెద్దమనిషి ప్రతి సంఘంలో ఒకరుంటారు. ఆయన్ని చూసి నవ్వుకుంటాం గానీ, ఆయన చెప్పేది సబబే. ఈ విశేషాలన్నీ ఆ కాగితం చుట్టూ తిరిగేవే.

*

రాయికల్, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్లకు ఈ చేతులెత్తి తేల్చుకునే పద్ధతి కొంచెం కొత్తగా తోస్తే తప్పులేదు. ఇటువైపు పాత చర్చిల్లో ఎక్కువ భాగం సీఎస్ఐవి. నిజాం రాజ్యంలో మిషన్లు జిల్లాలు పంచుకున్నాయి, ఒకరి చెలకలో ఇంకొకరు నాగలి పెట్టకుండా. కరీంనగర్, మెదక్, నిజామాబాద్ వైపు వెస్లియన్ మెథడిస్టులు వచ్చారు. హనుమకొండ, నల్లగొండ, పాలమూరు వైపు అమెరికన్ బాప్టిస్టులు వెళ్లారు. హనుమకొండలో బాప్టిస్టు మిషన్ 1879లో మొదలైంది. అంటే జగిత్యాల నుంచి వరంగల్ బస్సెక్కిన మనిషి దిగేలోపు ఒక మిషన్ సరిహద్దు దాటేవాడన్నమాట. ఇప్పుడా గీతలు ఎవరికీ పట్టవు. ఉద్యోగాలు, పెళ్లిళ్లు, బదిలీలు అన్నీ కలిపేశాయి.

*

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, అంటే సీఎస్ఐగా ఏర్పడ్డాయి. బాప్టిస్టులు మాత్రం చేరలేదు. ప్రధానంగా రెండు చోట్ల పేచీ వచ్చింది. ఒకటి బిషప్పు. రెండు, పసిబిడ్డలకు ఇచ్చే బాప్తిస్మం. తనంతట తాను నమ్మి ఒప్పుకున్న మనిషికే, అదీ నిలువునా నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇవ్వాలన్నది వీళ్ల పట్టు. అందుకే సీఎస్ఐ ఇంటికీ బాప్టిస్టు ఇంటికీ సంబంధం కుదిరితే, పెళ్లిచూపుల్లో కట్నం మాట రాకముందే “అమ్మాయి బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంది?” అన్న ప్రశ్న వస్తుంది.

*

“ఈ నెల చివరి ఆదివారం బాప్తిస్మాలు, పేర్లు ఇవ్వదలచినవారు అయ్యగారిని కలవండి.” ఈ ప్రకటన వినగానే వచ్చే మొదటి సందేహం: నీళ్లెక్కడ? పట్నం చర్చిల్లో వేదిక కిందే సిమెంటు తొట్టి కట్టి, పైన చెక్కలు పరిచి ఉంచుతారు. మామూలు ఆదివారాల్లో దాని మీదే నిలబడి పాటలు పాడతారు. పల్లెల్లో వాగు, చెరువు, కాలువ, ఏది దొరికితే అది. రాయికల్ మండలానికి ఉత్తరాన గోదావరి ఉండనే ఉంది. జగిత్యాల ప్రాంతానికి శ్రీరాంసాగర్ నీళ్లు తెచ్చే కాకతీయ కాలువా ఉంది. అయితే కాలువ వారబందీ మీద, అంటే వంతుల లెక్కన నడుస్తుంది. బాప్తిస్మాల తేదీ ఖాయం చేసే ముందు పంచాంగం చూడకపోయినా నీళ్లు వదిలే తేదీ చూసుకోక తప్పదు.

*

కాలువ మాట వచ్చింది కాబట్టి తెలుగు బాప్టిస్టు చరిత్రలో అన్నిటికంటే పెద్ద ముచ్చట ఇక్కడే చెప్పాలి. జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్, మిషనరీ కాకముందు మిన్నెసోటాలో భూములు కొలిచిన సర్వేయరు. 1866లో ఒంగోలు చేరాడు. పదేళ్లకు, 1876లో మొదలైన కరువు మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసింది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. పాత సర్వేయరు బుద్ధి ఊరుకోలేదు. మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు క్లౌ తానే తీసుకున్నాడు. తన దగ్గరి తెలుగు బోధకులను మేస్త్రీలుగా నిలబెట్టాడు. పగలు తట్టా పారా, అలుపు తీర్చుకునే వేళ బైబిలు కథలు. కూలి డబ్బు సరిగ్గా చేతికందుతుందని తెలిసి ఎక్కడెక్కడి జనమో వచ్చారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు.

ఆ తర్వాత క్లౌ చేసిన పనే నాకు ఆసక్తిగా తోస్తుంది. జనం వందల సంఖ్యలో బాప్తిస్మం అడుగుతుంటే ఇవ్వనన్నాడు. గింజల కోసం వచ్చారో, నమ్మి వచ్చారో తేలాలి కదా. పదిహేను నెలలకు పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు పనులు ముగిసి, తన చేతిలో పంచడానికి ఏమీ లేదని అందరికీ తెలిశాక, 1878 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. జులై 3, బుధవారం. ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏరు. ఆరుగురు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున నీళ్లలో దిగారు. గుమాస్తాలు ఒడ్డున పేర్లు చదువుతున్నారు. పొద్దున మొదలై, మధ్యాహ్నం ఎండకు కాసేపు ఆగి, సాయంత్రానికి ముగిసింది. ఆ ఒక్కరోజు లెక్క 2,222. ఆ ఏడాది చివరికి అది 9,606కు చేరింది.

ఇంత గుంపుగా మతం మారడం నిజమైన మార్పేనా అని అప్పుడే అమెరికాలోనూ సణిగారు. ఆ పదిహేను నెలల ఆగుడును సణిగినవాళ్లు లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

*

ఈ కథకు క్లౌ కంటే ముందు నిలబడాల్సిన మనిషి యర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారం చేసేవాడు, అంతకుముందే యోగమార్గంలో గురువుల వెంట తిరిగినవాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల బేరానికి నడిచిన దారులన్నీ ఆయనకు సువార్త దారులయ్యాయి. ఒంగోలులో పెద్ద కట్టడాలకు క్లౌ పేరుంది. పేరయ్య పేరు పాత సంఘాల వాళ్ల నోళ్లలోనే ఎక్కువగా వినిపిస్తుంది. ఇది సరిచేయదగ్గ లోటు.

*

ఓటుతో బతికిన మిషన్ అంటే నమ్ముతారా? మిషనరీ శామ్యూల్ డే 1836లో విశాఖపట్నం వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ వార్షిక సభలో, ఇక నెల్లూరు మూసేద్దామన్న ప్రస్తావన వచ్చింది. గోడ మీది మిషన్ పటంలో తెలుగు దేశానికి ఒకే ఒక్క నక్షత్రం గుర్తు. దాన్ని చూపిస్తూ ఒకరు ఒంటరి నక్షత్రమన్నారు. ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే పాస్టరు దాని మీద ఒక పద్యం రాశాడు. అమెరికా దేశభక్తి గీతాల్లో ఒకదాన్ని రాసింది కూడా ఆయనే. మర్నాడు సభలో ఆ పద్యం చదివారు, సభ మనసు మారింది, నెల్లూరు నిలిచింది. ‘లోన్ స్టార్ మిషన్’ అన్న పేరు అలా వచ్చిందే.

*

కొత్త సంవత్సరం తెల్లవారుజాము ప్రార్థన ప్రకటనకూ ఆ రోజుల ముచ్చట ఒకటుంది. 1854 జనవరి 1న పొద్దు పొడవక ముందే మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు, మొత్తం ఐదుగురు ఒంగోలు పక్కన కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. క్లౌ రావడానికి అక్కడినుంచి పన్నెండేళ్లు పట్టింది. 1867 జనవరి 1న, అదీ కొత్త సంవత్సరం రోజే, ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ కొండకు ప్రార్థన కొండ అని పేరు.

*

నల్లగొండ బాప్టిస్టు పనికి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. 1890లో అక్కడ దిగిన అబ్రహాం ఫ్రీసెన్ అమెరికన్ కాదు. రష్యా సామ్రాజ్యంలోని, ఇప్పటి ఉక్రెయిన్ గడ్డ మీది జర్మన్ మాట్లాడే మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాల మనిషి. రష్యా నుంచి నేరుగా మిషన్ పంపడం కుదరక అమెరికన్ బాప్టిస్టుల గొడుగు కింద వచ్చాడు. అక్కడి గోధుమ రైతుల చందాలతో ఇక్కడి జొన్న రైతుల మధ్య పని నడిచింది. పాలమూరు వైపు ఇప్పుడు కనిపించే ఎంబీ, అంటే మెన్నొనైట్ బ్రదరెన్ చర్చిలు ఆ సంఘాల కుటుంబానివే.

*

కోస్తాలో ఇంకో శాఖ ఉంది. తంతి ఆఫీసు ఉద్యోగం వదిలేసిన థామస్ గాబ్రియేల్ అనే తెలుగు మనిషి కాకినాడలో పని మొదలుపెట్టి, తోడు రమ్మని కెనడా బాప్టిస్టులను పిలిచాడు. 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడ చేరాడు. తంతి కొట్టిన చేతికి కబురు పంపడం ఒకరు నేర్పాలా!

*

తెలుగు కొత్త నిబంధన 1818లో శ్రీరాంపూర్ బాప్టిస్టు ముద్రణాలయంలో అచ్చయింది. దానికి ముందు 1812 మార్చిలో ఆ అచ్చాఫీసు తగలబడింది. పోసిన అచ్చులు కరిగిపోయాయి. అక్కడి మిషనరీ విలియం కేరీ రాసిపెట్టుకున్న తెలుగు వ్యాకరణం ప్రతి కూడా కాలిపోయింది. ఆయన మళ్లీ కూర్చుని రాశాడు, 1814లో అచ్చేశాడు.

*

పాటల పుస్తకం తెరిచినప్పుడల్లా పేరు కనిపించే పురుషోత్తమ చౌదరి (1803–1890) బాప్తిస్మం తీసుకుంది 1833లో కటకంలో, బాప్టిస్టు మిషనరీల దగ్గర. ఇప్పుడాయన కీర్తనలు లూథరన్, సీఎస్ఐ, బాప్టిస్టు తేడా లేకుండా అందరూ పాడుతున్నారు. పాటల దగ్గర బాప్తిస్మం చిలకరింపా, ముంపా అన్న తగువు లేదు.

*

“కోతపండుగ వచ్చే ఆదివారం, ప్రథమ ఫలాలు తీసుకురండి.” నా మట్టుకు ఏడాదిలో అన్నిటికంటే మంచి ప్రకటన ఇదే. వడ్లు, మక్కజొన్న కంకులు, పసుపు కొమ్ములు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన నాటుకోళ్లు వేదిక ముందుకొస్తాయి. ప్రార్థన కాగానే వేలం. నూట యాభై కూడా చేయని గుమ్మడికాయ ఐదు వందలకు పోతుంది. ఎవరు తెచ్చిన కోడిని వాళ్లే పాడుకోవడం మామూలే. “అన్నా, నీ కోడిని నువ్వే కొనుక్కుంటున్నవా?” అని వెనకనుంచి ఒకరు, “అది మాయింట్ల గుడ్లు పెట్టేది, ఎట్ల పోనిస్తం!” అని భార్య జవాబు. కోశాధికారి నవ్వుతూనే రశీదు రాస్తాడు. మిజోరం చర్చిల్లో అయితే వంట చేసేముందు ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. ఆ బియ్యం అమ్మగా వచ్చిన సొమ్ముతో సంఘం పనులు నడుస్తున్నాయి. మిజో మాటలో దాన్ని ‘బుహ్‌ఫాయి థామ్’ అంటారు.

*

నవంబరు మొదటి సోమవారం బాప్టిస్టు స్త్రీల ప్రపంచ ప్రార్థన దినం. మార్చి మొదటి శుక్రవారం వచ్చేది వేరు, అది అన్ని శాఖల స్త్రీలదీ. రెండూ కలిపేసి ప్రకటించిన కార్యదర్శులకు స్త్రీల సమాజం నుంచి అక్షింతలు పడతాయి.

*

జగిత్యాల, కోరుట్ల, రాయికల్ మండలాల్లో గల్ఫ్‌కు మనిషి వెళ్లని వాడ అరుదు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఆరాధన శుక్రవారమే, ఆ రోజే సెలవు కాబట్టి. 2022 జనవరి నుంచి యూఏఈ సెలవులను శని, ఆదివారాలకు మార్చింది, శుక్రవారం సగం రోజు. చాలా సంఘాలు వేళలు కొత్తగా సర్దుకోవలసి వచ్చింది. సౌదీ, కువైట్‌లో శుక్రవారం సెలవు అలాగే ఉంది. దుబాయిలో ఊద్ మేథా దగ్గరి హోలీ ట్రినిటీ లాంటి ఆవరణల్లో ఒకే గదిని గంటల లెక్కన రకరకాల భాషల వాళ్లు వంతులేసుకుంటారు. మనవాళ్ల పాట ఇంకా ముగియకముందే వాకిట్లో తర్వాతి భాష వాళ్లు కాచుకుని ఉంటారు. ముగింపు ప్రకటనలు పొడిగించే వీలు అక్కడ లేదు. ఆ అలవాటు సెలవు మీద వచ్చేటప్పుడు ఊరికి కూడా తెస్తే బాగుండు.

*

ఈస్టర్ తేదీ ఏటా ఎందుకు మారుతుందని పిల్లలు అడిగితే జవాబు ఇది: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటాక వచ్చే ఆదివారం. మార్చి 22 కంటే ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16. సమాధుల తోటకు సున్నం కొట్టించే పని పెట్టుకున్న కమిటీలు 2027లో తొందరపడాలి.

*

2028 జులై 3కు వెల్లంపల్లి బాప్తిస్మాలకు నూట యాభై ఏళ్లు నిండుతాయి. ఆ రోజు సోమవారం, ఆఫీసులుంటాయి, బడులుంటాయి. ముందురోజు ఆదివారానికి జరుపుదామని ఒకరు ప్రతిపాదిస్తారని ఇప్పుడే చెప్పొచ్చు. కానీ జులై 2 నెలలో మొదటి ఆదివారం. చాలా సంఘాల్లో అది ప్రభురాత్రి భోజనం రోజు, రెండూ ఒకే రోజు ఎలా అని ఇంకొకరు లేస్తారు. చరిత్ర జరిగింది 3న, 2న కాదు అని మూడో ఆయన. ముందుగా ప్రకటించని మీటింగులో తేదీ ఖాయం చేయడం చెల్లదని ఆ పెద్దమనిషి ఎలాగూ అంటారు. ప్రకటన వేసి, మళ్లీ కూర్చుని, చేతులెత్తి తేల్చుకోవాలి.