వేంగి గద్దె మీద చోళుల పెత్తనం: అపోహలు – వాస్తవాలు

ఏలూరుకు పన్నెండు కిలోమీటర్ల దూరంలోని పెదవేగి తూర్పు చాళుక్యుల తొలి రాజధాని. జంగారెడ్డిగూడెం మెట్ట నుంచి కొల్లేటి లంకల దాకా వాళ్ళ ఏలుబడే. ఆ రాజుల గురించి రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. చోళులకు బానిసలని కొందరంటారు, తంజావూరునే జయించిన తెలుగువాళ్ళని ఇంకొందరంటారు. శాసనాలు చదివితే రెండూ నిలబడవు.

అపోహ: రాజరాజ చోళుడు వేంగిని గెలిచి తన రాజ్యంలో కలుపుకున్నాడు.

ఆయన గెలిచిన దేశాల వరసలో వేంగినాడు పేరు తమిళ శాసనాల్లో ఉంది. అపోహకు మూలం అదే. కానీ ఆ యుద్ధం జరిగింది వేంగి రాజవంశంతో కాదు, వాళ్ళ గద్దె ఆక్రమించినవాడితో. 973లో జటాచోడ భీముడు వేంగి రాజు దానార్ణవుణ్ణి చంపి గద్దె ఆక్రమించాడు. దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు చోళుల పంచన చేరారు. ఇరవయ్యేడేళ్ళ తరవాత, 1000 ప్రాంతంలో, చోళసేన అండతో శక్తివర్మ తండ్రి గద్దె ఎక్కాడు. అండ ఇచ్చినవాడికి పెత్తనం దక్కింది, నిజమే. అయినా శక్తివర్మ బంగారు నాణేల మీద ఉన్నది తన వంశపు వరాహం, ‘శ్రీ చాళుక్యచంద్ర’ అన్న తన బిరుదు. రాజ్యం కలిసిపోయి ఉంటే ఆ నాణేలు పుట్టేవే కావు.

ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ స్కాట్లండులో చేసింది దీనితో పోల్చి చూడాలి. అక్కడ గద్దె తగవు తీర్చమని 1291లో ఆయన్ని పిలిస్తే, ముందు తన పెద్దరికం ఒప్పుకోమన్నాడు. 1292లో జాన్ బేలియల్‌ని రాజును చేసి, 1296లో తానే దించేశాడు. రాజరాజ చోళుడు అంత దూరం పోలేదు. కూతురు కుందవ్వను విమలాదిత్యుడికిచ్చి వియ్యమందాడు.

అపోహ: ఆ వియ్యంతో వేంగి చోళుల పక్షాన స్థిరపడిపోయింది.

దీనికి జవాబు కొల్లేటి పక్కనే, కలిదిండిలో దొరుకుతుంది. కుందవ్వ కొడుకు రాజరాజ నరేంద్రుడికి సవతి తమ్ముడు విజయాదిత్యుడు పోటీ వచ్చాడు. అన్న వెనక చోళులు, తమ్ముడి వెనక కర్ణాటదేశపు కల్యాణి చాళుక్యులు. 1022లో నరేంద్రుడికి పట్టాభిషేకం జరిగినా తగవు తెగలేదు. మేనమామ రాజేంద్ర చోళుడు పంపిన ముగ్గురు సేనానులు కర్ణాట సైన్యంతో పోరాడి ప్రాణాలు విడిచారు. వాళ్ళ స్మృతికి నరేంద్రుడు కలిదిండిలో శివాలయాలు కట్టించి, దానశాసనం వేయించాడు. తన గద్దె కోసం చనిపోయిన పరదేశపు సేనానులకు ఒక రాజు ఇలా గుడులు కట్టించాడంటే, ఆ బంధంలో పెత్తనంతో పాటు కృతజ్ఞత కూడా ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. రాజుల పేర్లు బట్టీపట్టించే మన చరిత్ర పాఠంలో కలిదిండికి ఒక్క పేరా అయినా దక్కాలి.

అయినా విజయాదిత్యుడు 1031 ప్రాంతంలో అన్నను కొంతకాలం గద్దె దించగలిగాడు. నరేంద్రుడి చివరి సంవత్సరాల్లో వేంగి మీద కల్యాణి పట్టే బిగిసింది.

అపోహ: చోళుల నీడలో తెలుగు అణగిపోయింది.

నన్నయ భారతం మొదలుపెట్టింది ఈ నరేంద్రుడి కొలువులోనే. ఆయనకు తోడ్పడిన నారాయణభట్టుకు 1053లో నందంపూడి దానమిచ్చిన శాసనమూ ఉంది. వేరే రుజువు అక్కర్లేదు.

అపోహ: 1070లో వేంగి తంజావూరును జయించింది.

ఆ ఏడు చోళ గద్దె ఎక్కిన కులోత్తుంగుడు నరేంద్రుడి కొడుకే. తల్లి మాత్రం రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవి. అప్పటికి వేంగిని ఏలుతున్నది పినతండ్రి విజయాదిత్యుడు. కాబట్టి దీన్ని తెలుగు దండయాత్ర అనలేం. మగ వారసత్వం తెగిన వంశంలోకి కూతురి బిడ్డ వచ్చాడు. 1603లో స్కాట్లండు రాజు జేమ్స్ ఇంగ్లండు గద్దె ఎక్కిందీ ఆడపడుచు వైపు చుట్టరికంతోనే. లండన్ చేరాక ఆయన స్వదేశానికి ఒక్కసారే, 1617లో తిరిగొచ్చాడు.

వేంగికి అసలు నష్టమూ ఇలాగే, తన రాజకుమారుడు పరాయి గద్దెకు వెళ్ళిపోవడంతోనే మొదలైంది. విజయాదిత్యుడి తరవాత ఆ గద్దెకు సొంత రాజు లేడు, చోళ చక్రవర్తి కొడుకులే ప్రతినిధులుగా వచ్చారు. మొదట వచ్చిన ముమ్మడి చోడుడు తల్లిదండ్రుల సేవకు మించిన సుఖం లేదంటూ ఏడాదికే వెనక్కి వెళ్ళిపోయాడని తమ్ముడు వీరచోడుడి చెల్లూరు శాసనం చెబుతోంది.