పాత బండికి కొత్త గుండె: సందక్‌ఫూ కొండదారిలో ల్యాండ్ రోవర్లు

డార్జిలింగ్: పశ్చిమ బెంగాల్‌లో అత్యున్నత శిఖరమైన సందక్‌ఫూకు పర్యాటకులను చేరవేసే వాహనాలలో 1950వ దశకం నాటి ల్యాండ్ రోవర్లు నేటికీ కనిపిస్తాయి. బ్రిటిష్ తేయాకు తోటల యజమానులు విడిచిపెట్టి వెళ్లిన ఈ బండ్లు మానేభంజంగ్ గ్రామంలోని డ్రైవర్ల కుటుంబాలకు దశాబ్దాలుగా బతుకుతెరువుగా నిలిచాయి. అయితే కొండ ఎక్కడం కోసం వాటికి చేసుకున్న మార్పులే ఇప్పుడు వాటి భవిష్యత్తును ప్రశ్నార్థకం చేస్తున్నాయి.

మానేభంజంగ్ నుంచి సందక్‌ఫూ వరకు దూరం 31 కిలోమీటర్లు. నేపాల్ సరిహద్దును ఒరుసుకుంటూ, కొన్నిచోట్ల దానిని దాటి వెళ్లే ఈ దారి 3,636 మీటర్ల ఎత్తున ముగుస్తుంది. తిరుమల కొండ ఎత్తుకు ఇది నాలుగు రెట్లకు పైమాటే. ఇటీవలి కాలంలో కొంత భాగం సిమెంటు రోడ్డుగా మారినా, చాలాకాలం పాటు ఇది బండరాళ్లు పరచిన బాట మాత్రమే.

గాలి తగ్గితే బలం తగ్గుతుంది

1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో తొలి ల్యాండ్ రోవర్‌ను ఆవిష్కరించినప్పుడు దాని పెట్రోలు ఇంజన్ శక్తి 50 అశ్వశక్తి మాత్రమే. సందక్‌ఫూ ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 30 శాతం తక్కువ. అంతమేరకు ఇంజన్ బలమూ క్షీణించి, 50 అశ్వశక్తి సుమారు 35కు దిగజారుతుంది. గాలి తగ్గినా కార్బురేటర్ అందుకు తగినట్లు పెట్రోలును తగ్గించలేదు. ఫలితంగా పొగ నల్లబడి, ప్లగ్గులకు మసి పడుతుంది.

వేడి మరో సమస్య. ఈ ఎత్తున నీరు 88 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది. రేడియేటర్ మూత ఒత్తిడిని నిలపలేకపోతే నీరు త్వరగా ఆవిరైపోతుంది. నెమ్మదిగా ఎక్కే బండికి ఎదురుగాలి కూడా అంతగా తగలదు. దారి మధ్యలో ఆగి ఇంజన్‌ను చల్లబరచక తప్పదు.

ఇంత తక్కువ శక్తితో ఈ బండ్లు కొండ ఎక్కగలగడానికి కారణం గేర్ల అమరిక. నాలుగు గేర్లకు తోడుగా ఉన్న అదనపు గేర్‌బాక్స్‌లో తక్కువ వేగం గేరు వేస్తే చక్రాలకు అందే లాగుడు శక్తి రెండింతలకు పైగా పెరుగుతుంది. వేగం మాత్రం మనిషి నడకకు దగ్గరవుతుంది. దిగేటప్పుడూ ఇదే గేరు రక్షణ. బ్రేకులనే నమ్ముకుంటే పాతకాలపు డ్రమ్ములు వేడెక్కి పట్టు కోల్పోతాయి.

ఇంజన్ ఒక్కటే మారిస్తే చాలదు

మూల ఇంజన్లు అరిగిపోవడం, విడిభాగాలు దొరకకపోవడంతో పలువురు యజమానులు వాటి స్థానంలో మహీంద్రా జీపుల డీజిల్ ఇంజన్లు అమర్చుకున్నారు. డీజిల్ ఇంజన్ తక్కువ వేగంలోనే ఎక్కువ లాగుడు శక్తినిస్తుంది, ఇంధనం తక్కువ తాగుతుంది. ల్యాండ్ రోవర్ సంస్థ సైతం 1957లోనే డీజిల్ ఇంజన్‌ను ప్రవేశపెట్టడం గమనార్హం.

అయితే బలమైన ఇంజన్ పెట్టినంత మాత్రాన బండి కొండకు సిద్ధమైనట్లు కాదు. ఇంజన్ బరువు పెరిగితే ముందు స్ప్రింగులు కుంగుతాయి. పెరిగిన శక్తికి తట్టుకోలేక వెనుక ఇరుసు కడ్డీలు విరిగే ప్రమాదం ఉంది. ఎక్కే శక్తితో పాటు ఆగే శక్తి కూడా పెరగాలి గనుక బ్రేకులు, రేడియేటర్, స్ప్రింగులను కూడా సరిచూసుకోవాలి. ప్రయాణికుల ప్రాణాలు వీటిమీదే ఆధారపడి ఉంటాయి.

చట్టం ఏమంటోంది?

నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిర్దేశిస్తోంది. కాగా, 50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజి తరగతిలో నమోదు చేసేందుకు కేంద్రం 2021 జులైలో నిబంధనలు ప్రకటించింది. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో మార్పులు జరగని వాహనాలకే ఈ గుర్తింపు లభిస్తుంది. అదీగాక, అటువంటి వాహనాలను వాణిజ్య అవసరాలకు వాడరాదు.

ఈ షరతుల ప్రకారం చూస్తే ఇంజన్ మార్చుకుని అద్దెకు తిరిగే సందక్‌ఫూ ల్యాండ్ రోవర్లు ఆ తరగతిలో చేరలేవు. మూల ఇంజన్‌తో భద్రపరిస్తే గుర్తింపు దక్కుతుంది గాని కుటుంబం గడవదు. కొత్త ఇంజన్‌తో నడిపితే కుటుంబం గడుస్తుంది గాని గుర్తింపు దక్కదు.

తమ 70 ఏళ్ల సందర్భంగా 2018లో ల్యాండ్ రోవర్ సంస్థ మానేభంజంగ్ బండ్లపై లఘుచిత్రం విడుదల చేయడంతో వీటి పేరు దేశదేశాలకు పాకింది. మరోవైపు రోడ్డు బాగుపడిన కొద్దీ బొలేరోల వంటి కొత్త వాహనాలు ఈ దారిలో పెరిగాయి, పాత బండ్లు తగ్గుతూ వచ్చాయి. ఇంజన్ మారినా భద్రతా పరీక్షలో నెగ్గిన బండ్లకు, ఈ ఒక్క దారికే పరిమితం చేస్తూ, ప్రత్యేక అనుమతి ఇచ్చే ఏర్పాటు ఉంటే వారసత్వమూ, ఉపాధీ రెండూ నిలిచే అవకాశముంది.