గోడమీది చరిత్ర

మా తాతగారి ఇంటి నడవలో రవివర్మ దమయంతి పటమొకటి ఉండెడిది. 1894లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయమును నెలకొల్పి, ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాతిపలకను వాడి అచ్చువేయించిన ఓలియోగ్రాఫుల సంతతి అది. తైలవర్ణచిత్రమును కొనజాలని గృహస్థునకు దాని మెరుపునైనను అందించుట వాని ప్రయోజనము. నేడు అంగళ్ళలో కనబడు కాన్వాసు పటములు పుట్టినదియు ఆ కోరికనుండియే. మార్గము మాత్రము వేరు. మూలచిత్రపు ఛాయాచిత్రమును యంత్రము సన్నని సిరాబిందువులుగా నూలుగుడ్డపైననో పాలియెస్టరు గుడ్డపైననో చిమ్మును. ఆ గుడ్డను చెక్కచట్రముపై బిగలాగి, అంచులను వెనుకకు మడిచి బిగింతురు.

దేవతల పటముల ప్రక్కన ఇప్పుడు యుద్ధములు, పట్టాభిషేకములు, నదీతరణములు చోటు సంపాదించుకొన్నవి. ఇవి గదికి నిండుదనము నిచ్చుమాట నిజము. కాని దమయంతి ఇట్లే ఉండెనా అని అడుగువారు లేరు. చరిత్ర ఘట్టమును చూచినవారు ఇట్లే జరిగినదని నమ్ముదురు.

నా అనుభవమే చెప్పెదను. ఫ్రెంచి చిత్రకారుడు దావీదు రచించిన నెపోలియను ఆల్ప్సు పర్వతములను దాటు చిత్రమును కాన్వాసుపై తెప్పించి ముందుగదిలో పెట్టితిని. ముంగాళ్ళెత్తిన గుఱ్ఱము, గాలికెగురు ఉత్తరీయము, శిఖరమువైపు చాచిన చేయి: వచ్చినవారందరు మెచ్చుకొనిరి. కొన్నాళ్ళకు మా అమ్మాయి తన పాఠశాల వ్యాసములో నెపోలియను గుఱ్ఱముపై దౌడు తీయుచు ఆల్ప్సును దాటెనని వ్రాసినది. ఎక్కడ చదివితివని అడుగగా గోడవైపు చూపినది.

1800 మే నెలలో నెపోలియను గ్రేట్ సెయింట్ బెర్నార్డు కనుమను దాటినది కంచరగాడిదపై. ఆ ప్రాంతపువాడొకడు దారిచూపుచు వెంట నడచెను. దావీదు 1801 మొదలు 1805 వరకు ఈ చిత్రమును ఐదుమారులు రచించెను. మొదటిదానిలో ఉత్తరీయము పసుపువన్నె, రెండవదానిలో ఎరుపు. అది జరిగినదానికి సాక్ష్యము కాదు. పాలకుడు తన్ను లోకము ఎట్లు చూడవలెనని కోరెనో దానికి సాక్ష్యము. చిత్రమున క్రింది ఎడమమూల రాళ్ళపై బోనపార్టు పేరుతోపాటు హానిబాలు, షార్లమేను పేర్లు చెక్కియున్నవి. చిత్రకారుని ఉద్దేశమంతయు అక్కడనే ఉన్నది. మా పటములో ఆ పేర్లు చట్రము ప్రక్కకు మడతపడిపోయినవి! కాన్వాసు పటము కొనువారు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే: అంచున మడతకు పోవు భాగమెంత? అదనపు అంచు విడిగా చేర్చి అచ్చువేయుట సాధ్యమే. అడుగనివారికి అది దక్కదు.

లాయిట్జె 1851లో రచించిన వాషింగ్టను డెలవేరు నదిని దాటు చిత్రము మరియొకటి. నది దాటినది 1776 డిసెంబరు 25 రాత్రి. పడవలో ఎగురుచున్న నక్షత్రపతాకమును అమెరికా స్వీకరించినది 1777 జూన్‌లో. మూలము ఇరువదియొక్క అడుగుల వెడల్పు. దానిని మూడున్నర అడుగులకు కుదించినచో ఆరడుగుల మనిషి ఒక్క అడుగగును. చిన్నగదికి జనసమ్మర్దము గల యుద్ధచిత్రముకన్న ఒకరిద్దరు మనుష్యులున్న చిత్రమే నప్పును.

ఈ పొరపాటు పాశ్చాత్యులదే అనుకొనరాదు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో ఉండిన అజంతాలో, ఒకటవ గుహయందు, రాజసభకు విదేశీయులు వచ్చిన చిత్రమొకటి కలదు. రెండవ పులకేశి పారశీక రాయబారులను ఆదరించు ఘట్టమది అని 1879లో ఫెర్గుసను వ్రాసెను. పులకేశి మన వేంగీ చాళుక్య వంశస్థాపకుడైన కుబ్జవిష్ణువర్ధనునికి అన్న. కనుక ఆ మాట మనకును ప్రియమైనది. అయితే పులకేశి ఏలినది ఏడవ శతాబ్దమున. ఆ గుహ ఐదవ శతాబ్దపుదని నేటి పండితులలో పలువురి అభిప్రాయము. చిత్రములోనిది మహాసుదర్శనుని కథ అని వారు గుర్తించిరి. చిత్రము అందము రవ్వంతయు తగ్గలేదు. మారినది దాని క్రింద వ్రాసికొనదగిన పేరు మాత్రమే.

ఇక పటమును కాపాడుట. దీనికి అద్దముండదు గనుక దుమ్ము నేరుగా గుడ్డపై పడును. పొడి మెత్తని బట్టతో తుడువవలెనేగాని తడిబట్ట తగిలింపరాదు. ఎండ సూటిగాపడు గోడ పనికిరాదు. విశాఖపట్టణము, కాకినాడవంటి తీరపట్టణములలో చెమ్మగోడకు ఆనించినచో వెనుక బూజుపట్టును. చట్రమునకు గోడకు నడుమ చిన్న బిళ్ళలు పెట్టి గాలి ఆడనిచ్చుట మేలు.

మా ఇంటి నెపోలియనును నేను తీసివేయలేదు. దెలరోషు అను మరియొక ఫ్రెంచి చిత్రకారుడు 1848లో అదే ప్రయాణమును మరల చిత్రించెను: మంచులో తలవంచిన కంచరగాడిద, దానిపై చలికి ముడుచుకొన్న మనిషి, ముందు దారిచూపువాడు. దాని చిన్నప్రతిని తెప్పించి మొదటిదాని ప్రక్కన తగిలించితిని. వచ్చినవారు ఇద్దరును ఒక్కడేనా అని అడుగుదురు. జవాబు చెప్పు పని మా అమ్మాయి తీసికొన్నది.