శాసనసభలో ప్రశ్న – పల్లెకు దాని ప్రయోజనము

బోధనులోని శక్కర్‌నగరము ముందు చెఱకు బండ్లు బారులు తీరి నిలుచుట చూచిన పెద్దలు మీలో పెక్కురు కలరు. అచ్చటి నిజాము చక్కెర కర్మాగారము 1937లో స్థాపింపబడినది. 2002లో అందలి అధిక భాగము ప్రైవేటు వారి వశమైనది. 2015 డిసెంబరులో పని నిలిచిపోయినది. ఇట్టి కష్టము వచ్చినపుడు “ఎవరిని అడుగవలెను?” అని పల్లెవారు అనుకొందురు. అడుగుటకు ఒక చోటు కలదు. అదియే శాసనసభ.

ప్రభుత్వమును ప్రశ్నించు హక్కు మనకు ఒక్కనాట వచ్చినది కాదు. ఆంగ్లేయుల పాలనలో 1892 చట్టముచే మండలి సభ్యులకు ప్రశ్న అడుగు అవకాశము కలిగినది. జవాబు చాలనిచో అడిగినవాడే ఉపప్రశ్న వేయుటకు 1909లో వీలు చిక్కినది. నిజాము రాజ్యములోని మన జిల్లావారు వయోజనులందఱి వోటుతో శాసనసభ్యులను ఎన్నుకొన్నది 1952లోనే.

సభ జరుగు దినమున సామాన్యముగా మొదటి గంట ప్రశ్నలకు కేటాయింపబడును. నక్షత్రపు గుర్తుగల ప్రశ్నకు మంత్రి సభలో నోటిమాటగా జవాబు చెప్పవలెను. దానిపై ఉపప్రశ్నలు వేయవచ్చును. గుర్తులేని ప్రశ్నకు జవాబు వ్రాతమూలముగా వచ్చును. ప్రశ్నను ముందుగానే వ్రాసి ఈయవలెను. అది శాఖకు పోయి, జిల్లాకు దిగి, లెక్కలతో మరల పైకి పోవును. కావున సభలో పలుకబడక మునుపే అది కచ్చేరీలోని కాగితములను కదలించును.

పింఛను సంగతి చూడుడు. తెలంగాణములో ఆసరా పథకము 2014లో ఆరంభమైనది. తరువాత బీడీ కార్మికులును అందు చేర్చబడిరి. 2019లో వారి పింఛను 1000 రూపాయలనుండి 2016 రూపాయలకు పెరిగినది. కాని నిర్ణీత తేదీకి ముందే ప్రావిడెంటు ఫండులో పేరుండవలెనను నియమము మొదట ఉండెను. ఒకే వాకిట కూర్చుండి, ఒకే తునికాకు చుట్టిన ఇద్దఱు స్త్రీలలో ఒకరికి పింఛను వచ్చి, మఱియొకరికి రాకపోవుటకు అది చాలును. సమానత్వమనగా ఇట్టి భేదమునకు కారణము అడుగుటయే.

“పేదలకు అన్యాయము జరుగుచున్నది” అన్నచో అది ఉపన్యాసము. మంత్రియు ఉపన్యాసముతోనే బదులీయగలడు. “ఈ మండలమున వచ్చిన దరఖాస్తులెన్ని? మంజూరైనవెన్ని? త్రోసివేసినవెన్ని, ఏ కారణమున? తక్కినవి ఎన్నటికి తీరును?” అన్నచో లెక్క చెప్పక తప్పదు. “చేయుదుము” అని మంత్రి మాట యిచ్చినచో, దానిని నెరవేర్చిరో లేదో చూచుటకు సభకు హామీల సంఘము కలదు.

ఏ వాకిలి తట్టవలెనో కూడ తెలియవలెను. కర్మాగారపు కార్మికుల 1995 నాటి పింఛను పథకము కేంద్రమునకు చెందినది. దానినిగూర్చి పార్లమెంటు సభ్యుడు ఢిల్లీలో అడుగవలెను.

ప్రశ్న ఒక్కటే అన్నిటిని తీర్చదు. చక్కెర కర్మాగారమును ప్రైవేటు వశము చేయుటను విచారించుటకు 2004 తరువాత ఉమ్మడి రాష్ట్ర శాసనసభ సభాసంఘమును వేసినది. అయినను కర్మాగారము మూతపడినది. విచారణ వెంట ఆచరణ రానిచో ఫలము దక్కదు. విడువక అడుగువారు ఉండవలెను.

కావున పెద్దలారా, మీ యూరిలో పింఛను రానివారి పేరు, దరఖాస్తు తేదీ, చెప్పబడిన కారణము వ్రాసి మీ సభ్యునికి ఈయుడు. వచ్చిన జవాబును తెప్పించుకొని గ్రామసభలో చదివించుడు. సభలోని ప్రశ్నకు బలము మీ యూరి లెక్కయే.